గ్యారీ కిల్డాల్ జీవితము

రాజుల చరిత్రములను, సేనానుల చరిత్రములను మన విద్యార్థులు తరగతిలోనే చదువుకొనుచున్నారు. యంత్రవిద్యలో పేరుగాంచిన వారిలో ఆవిరియంత్రమును బాగుపఱచిన జేమ్స్ వాట్ పేరును, విద్యుద్దీపమును వాడుకలోనికి తెచ్చిన ఎడిసన్ పేరును ఎఱుగని బాలుడు లేడు. కాని నేడు ప్రతి పాఠశాలయందును, ప్రతి కచేరియందును కానవచ్చు చిన్న కంప్యూటరు మనుష్యుని యాజ్ఞకు బదులు పలుకునట్లు చేసిన వారిలో మొదట లెక్కింపదగిన యొక యుపాధ్యాయుని పేరు మనలో పెక్కుమంది విన్నవారు కారు. ఆయన పేరు గ్యారీ ఆర్లెన్ కిల్డాల్. అమెరికా దేశస్థుడు. 1942లో జన్మించి 1994లో గతించెను. కంప్యూటరు శాస్త్రము చదువుకొన్న వారిలో ఆయన పేరు సుప్రసిద్ధమే. అయినను ఆ ప్రసిద్ధి ఆయన చేసిన పనినిబట్టి గాక, ఆయనకు చేజాఱిన యొక బేరమునుబట్టి వచ్చినది. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. అందుచేత ఈ సంచికయందు ఆయన చరిత్రమును సంగ్రహముగ వ్రాయ బూనితిమి.

ఎక్కడనో పసిఫిక్ సముద్రతీరమున నివసించిన వాని కథతో తార్నాకవారికి ఏమి పని యని కొందఱు తలంపవచ్చును. పని గలదు. తార్నాక కూడలి మొదలుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల వఱకు గల ప్రదేశము విద్యార్థుల కాటపట్టు. అచ్చటి వసతిగృహములందును, అద్దెగదులందును ఉండువారందఱును కొత్త కంప్యూటరు కొనగలవారు కారు. పదియేండ్లు, పదునైదేండ్లు వాడబడి, ఒకరి చేతినుండి యొకరి చేతికి మాఱుచు వచ్చిన యంత్రమే వారిలో పలువురకు ఆధారము. అట్టి యంత్రములోని తీగెలకు, పలకలకు చెడుగేమియు లేకున్నను, దానిని నడపు వ్యవస్థ, అనగా ఆపరేటింగు సిస్టము, కొంతకాలమునకు పాతబడి పనికిరాకపోవును. అప్పుడు ఆ యంత్రమునకు తగిన వేఱొక వ్యవస్థను వెదకి, దాని నెక్కించుటకు వలయు ఫైళ్లను సిద్ధపఱచి, యంత్రమునకు మరల ప్రాణము పోయవలసి యుండును. ఒకే వ్యవస్థ పలు కంపెనీల యంత్రములమీద ఎక్కుట నేడు మనకు సహజముగ తోచుచున్నది. ఒకప్పుడు అది సహజము కాదు. చిన్న కంప్యూటర్ల లోకమున దానిని సాధ్యము చేసి చూపినవాడు కిల్డాల్.

ఆయన 1942 మే 19వ తేదీన వాషింగ్టను రాష్ట్రమందలి సియాటిలు పట్టణమున జన్మించెను. ఆయన పూర్వులు నార్వే దేశమునకు చెందినవారు. సముద్రయానము వారి కుటుంబమునకు కులవిద్య వంటిది. ఆయన తాత సియాటిలులో నావికావిద్య నేర్పు పాఠశాల నొకదానిని నెలకొల్పెను. తండ్రియు ఆ పాఠశాలనే నడిపెను. సూర్యుని, నక్షత్రములను, పటములను చూచి, నడిసముద్రమున ఓడ యెక్కడ నున్నదో లెక్కకట్టుట అచ్చట నేర్పెడి విద్యలలో నొకటి. గ్యారీ బాల్యమున పుస్తకములకంటె యంత్రములను విప్పి బాగుచేయుటయందే మక్కువ చూపెను. ఉన్నతపాఠశాల చదువు ముగించిన పిదప కొంతకాలము తమ నావికాపాఠశాలలోనే బోధించెను. విద్య యనగా ఇతరులకు చెప్పుటకే నేర్చునది యను భావము ఆయనకు ఆ యింటనే కలిగినది కాబోలు. జీవితాంతము ఆయనలో ఉపాధ్యాయుడే మిన్నగ నుండెను.

పిమ్మట ఆయన వాషింగ్టను విశ్వవిద్యాలయమున చేరెను. గణితోపాధ్యాయుడు కావలెనని ఆయన మొదటి సంకల్పము. బాల్యస్నేహితురాలైన డరోతి మెక్యూయెన్‌ను 1963లో పెండ్లాడెను. విశ్వవిద్యాలయమున నుండగా కంప్యూటరుతో పరిచయ మేర్పడి, ఆయన మనస్సు దానిపై లగ్నమయ్యెను. ఆ కాలపు కంప్యూటరు ఒక పెద్దగదిని నిండించునది. విద్యార్థులు తమ లెక్కలను రంధ్రములు పొడిచిన అట్టలపై తెచ్చి యిచ్చి, ఫలితమునకై కాచుకొని యుండవలసినది. కిల్డాల్ రాత్రులు ఆ గదియందే గడపి, యంత్రమునకు అర్థమగు భాషలోనికి మనుష్యుల భాషను మార్చు ప్రోగ్రాములను, అనగా కంపైలర్లను, నేర్చుకొనెను. 1972లో డాక్టరు పట్టము పొందెను. ఒక ప్రోగ్రామునందు విలువలు ఎక్కడ పుట్టి యెక్కడకు ప్రవహించుచున్నవో గణితపద్ధతిని తెలిసికొని, దానిని వేగవంతముగ మార్చు విధానమును 1973లో ప్రకటించెను. ఆ విధానము నేటికిని కంపైలర్లు వ్రాయువారికి మూలపాఠమై యున్నది. ఆయన వేఱేమియు చేయకున్నను ఈ యొక్క వ్యాసముతోనే పండితులలో ఆయన పేరు నిలిచియుండెడిది.

అది వియత్నాము యుద్ధము జరుగుచున్న కాలము. యువకులు సైన్యమున కొలువు చేయవలసిన నిర్బంధము అమెరికాలో నుండెను. కిల్డాల్ నావికాదళపు కొలువును ఉపాధ్యాయత్వముతో తీర్చుకొనుటకు అవకాశము లభించెను. 1969 మొదలు కాలిఫోర్నియా తీరమున మాంటెరే పట్టణమందలి నావికాదళ ఉన్నతవిద్యాపీఠమున కంప్యూటరు శాస్త్రము బోధింప నారంభించెను. ఒకప్పటి హోటల్ డెల్ మాంటే యను విలాసమందిరమును, దాని తోటలను నావికాదళము విద్యాలయముగ మార్చుకొనినది. మన ఆర్ట్సు కళాశాలవలెనే ఆ భవనమును చూపరులకు మొదట రాజప్రాసాదమును స్మరింపజేయును. కిల్డాల్ దంపతులు పొరుగుననే యున్న పసిఫిక్ గ్రోవ్ అను చిన్న ఊర నివసించిరి.

1971 నవంబరులో ఇంటెల్ కంపెనీ 4004 అను ప్రాసెసరును విపణికి తెచ్చెను. సుమారు 2300 ట్రాన్సిస్టర్లను గోరంత సిలికాను ముక్కపై నిమిడ్చి, కంప్యూటరు మెదడును అంగడిలో కొనదగిన వస్తువుగ చేసిరి. చేసినవారే దానిని గణనయంత్రములకు, రహదారి దీపములకు, తూనికయంత్రములకు పనికివచ్చు సాధనమని తలచిరి. కిల్డాల్ మాత్రము దానియందు సంపూర్ణమైన కంప్యూటరును చూచెను. చేతిలో ఆ ప్రాసెసరుతో నడచు యంత్రము లేకున్నను, విద్యాపీఠమందలి పెద్ద కంప్యూటరుపై దాని నడకను అనుకరించు ప్రోగ్రామును వ్రాసి, ప్రయోగములు చేసెను. తరువాత ఇంటెల్ కంపెనీకి సలహాదారుగ కుదిరి, తరగతులు లేని దినములందు అచ్చటికి పోయి పనిచేయుచుండెను. చిన్న ప్రాసెసర్లకు ఆజ్ఞలను సులభభాషలో వ్రాయుటకు పి.ఎల్./ఎం. అను భాషను 1973లో నిర్మించియిచ్చెను. కంపెనీనుండి లభించిన చిన్న యంత్రమును తన తరగతిగదికి చేర్చి, విద్యార్థుల చేతను ప్రయోగములు చేయించెను.

ఇచ్చట ఆ కాలపు కష్టమును కొంత వివరింపవలసి యున్నది. నేడు మీట నొక్కగనే కంప్యూటరు మేల్కొని పలుకరించుచున్నది. నాటి చిన్న యంత్రములలో పెక్కింటికి అట్టి మేల్కొలుపు లేదు. విద్యుత్తు వచ్చిన వెంటనే ఏమి చేయవలెనో వాటికి తెలియదు. ముందుపలకపై గల మీటలను పైకి క్రిందికి మార్చుచు, కొన్ని యాజ్ఞలను ఒక్కొక్కటిగ లోని కెక్కించవలెను. ఆ స్వల్పమైన యాజ్ఞల సాయముతో యంత్రము రంధ్రములు గల కాగితపుపట్టీని చదువ నేర్చును. ఆ పట్టీపై నుండి అసలు ప్రోగ్రాము నెమ్మదిగ లోపలికి పోవును. పట్టీ చిరిగినను, ఒక రంధ్రము పూడినను మరల మొదటికి రావలసినదే.

ఇది అమెరికావారి కష్టము మాత్రమే కాదు. తార్నాకనుండి మౌలాలి మీదుగ పోవు దారిలో మన హైదరాబాదునకు కీర్తి తెచ్చిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను గలదు. అది 1967లో స్థాపింపబడినది. పశ్చిమగోదావరి మండలమున జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు దానికి ఆద్యులు. ట్రాంబే అణుశక్తి కేంద్రమున రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. ఆ వంశపు యంత్రములను ఈ కర్మాగారమే నిర్మించి దేశమందలి విద్యాలయములకు, పరిశోధనాలయములకు సమకూర్చెను. అట్లు ఒకే దశాబ్దమున మాంటెరే యందును, మన మౌలాలి చెంతను ఒకే ప్రశ్న పండితులను వేధించుచుండెను. యంత్రమును చేయుట ఒక యెత్తు. దానిని మనుష్యుని మాట వినునట్లు చేయుట మఱొక యెత్తు. ఇనుము మనదే యైనను, దాని నడపు వ్యవస్థ లేనిచో అది బరువు మాత్రమే.

కాగితపుపట్టీతో విసిగిన కిల్డాల్ దృష్టి ఫ్లాపీ డిస్కుపై పడెను. ఎనిమిది అంగుళముల వెడల్పు గల ఆ పలుచని అయస్కాంతపు బిళ్లపై సుమారు 250 కిలోబైట్ల సమాచారము పట్టును. కోరిన భాగమును క్షణములో చదువవచ్చును. షూగార్ట్ కంపెనీవారు పరీక్షలలో అరగిపోయిన డిస్కు డ్రైవు నొకదానిని ఆయనకిచ్చిరి. అయితే దానిని ప్రాసెసరుతో జతపఱచు సర్క్యూటును నిర్మించుట ఆయనకు చేతకాలేదు. ఆయన ప్రోగ్రాముల పండితుడే కాని సర్క్యూటుల పనివాడు కాడు. ఆ డ్రైవు చాలకాలము ఊరక పడియుండెను. తుదకు విశ్వవిద్యాలయమునాటి మిత్రుడు జాన్ టరోడ్ ఆ సర్క్యూటును నిర్మించియిచ్చెను. 1974లో పసిఫిక్ గ్రోవ్ యందు ఇరువురును కూర్చుండి, కాగితపుపట్టీనుండి మొదటి భాగమును ఎక్కించి, డిస్కును నడపి చూచిరి. కిల్డాల్ వ్రాసిన వ్యవస్థ మేల్కొని, ఆజ్ఞకై ఎదురుచూచుచు తెరపై గుర్తు నుంచెను. దానికి ఆయన సి.పి./ఎం. అని పేరిడెను. ఇది మన దేశమందలి రాజకీయపక్షము పేరు కాదని చదువరులు గమనింతురు గాక. చిన్న కంప్యూటర్లను అదుపుచేయు ప్రోగ్రాము అని దాని యర్థము. డిస్కుపై ఫైళ్లకు పేర్లు పెట్టుట, వాటిని పట్టికగ చూపుట, చెఱపుట, ప్రతిచేయుట మున్నగు పనులన్నియు 16 కిలోబైట్ల జ్ఞాపకస్థలముతోనే అది నెఱవేర్చెడిది.

ఆయన దానిని ఇంటెల్ కంపెనీకి చూపగా వారు అక్కఱలేదనిరి. అంతట కిల్డాల్ దంపతులు తమ యింటనే ఒక చిన్న కంపెనీని ఏర్పఱచిరి. అదియే పిదప డిజిటల్ రిసెర్చ్ అని ప్రసిద్ధి కెక్కెను. లెక్కలును, ఉత్తరప్రత్యుత్తరములును, బేరములును డరోతి చూచుకొనెడిది. భర్త వ్రాసినదానిని లోకమునకు చేర్చినది ఆమె. ఇట్టివారి చరిత్రములయందు భార్యల పేర్లు తఱచు మఱుగున పడుచుండును. కావున దీనిని ప్రత్యేకముగ చెప్పవలసి వచ్చినది.

ఇక ఆయన చేసిన ముఖ్యకార్యమునకు వత్తుము. 1975 తరువాత అమెరికాలో చిన్న కంప్యూటర్లు చేయు కంపెనీలు పుట్టగొడుగులవలె పుట్టెను. ప్రాసెసరు ఒకటే యైనను, ఒకరి డిస్కు డ్రైవు ఒక తీరు, మఱొకరి తెర మఱొక తీరు, వేఱొకరి మీటలపలక ఇంకొక తీరు. ప్రతి కంపెనీ కొఱకును కిల్డాల్ తన వ్యవస్థను తిరుగవ్రాయవలసి వచ్చెను. ఇమ్సాయ్ అను కంపెనీవారు తమ యంత్రమునకు సి.పి./ఎం. కావలెనని కోరినప్పుడు, ఇట్లు మాటిమాటికి తిరుగవ్రాయుట వ్యర్థశ్రమ యని ఆయన కనిపించెను. అప్పుడాయన వ్యవస్థను రెండుగ విడదీసెను. యంత్రముతో సంబంధము లేక అన్నిచోటులను ఒకటిగనే యుండు భాగ మొకటి. తెరపై అక్షరము నుంచుట, మీటను చదువుట, డిస్కుపై ఫలానా వరుసను చదువుట వంటి యంత్రాధీనమైన పనులు గల చిన్న భాగము రెండవది. ఈ రెండవదానికి బయాసు అని పేరు పెట్టెను. ప్రవేశనిర్గమముల మూలవ్యవస్థ యని దాని భావము.

మన తార్నాకవారికి ఇది సులభముగ బోధపడును. నాకా యనగా వచ్చిపోవు బండ్లు ఆగి చూపించుకొని పోవలసిన చోటు. లోపలి ఊరు ఎట్టిదో బయటి బండివానికి తెలియనక్కఱలేదు. నాకాయొద్ద అడిగినచో చాలును. బయాసు అట్టి నాకా. వ్యవస్థకు ఏది కావలసినను బయాసును అడుగును. బయాసు తన యంత్రపు పద్ధతిని ఆ పనిచేసి ఫలితము నప్పగించును. కొత్త యంత్రము వచ్చినప్పుడు ఊరంతయు తిరిగి కట్టనక్కఱలేదు. నాకాను మాత్రము మార్చినచో సరిపోవును. యంత్రము చేసిన కంపెనీవారే తమ బయాసును తాము వ్రాసికొనవచ్చును. కిల్డాల్ వారికి మాదిరిని, సూచనల పుస్తకమును ఇచ్చెను.

ఇంతటితో ఆయన ఆగలేదు. వ్యవస్థను ఒక యంత్రమునకు తగినట్లు సిద్ధముచేసి డిస్కుపై ఎక్కించు సాధనములను గూడ దానితో నిచ్చెను. మూవ్‌సీపీఎం అను ప్రోగ్రాము, యంత్రమున జ్ఞాపకస్థల మెంత యున్నదో దానిననుసరించి వ్యవస్థను తగినచోట అమరునట్లు మార్చెడిది. సిస్‌జెన్ అను ప్రోగ్రాము అట్లు మార్చిన వ్యవస్థను డిస్కుయొక్క మొదటి రెండు వరుసలపై వ్రాసెడిది. ఫైళ్ల పట్టికలో కానరాని ఆ వరుసలు యంత్రపు మేల్కొలుపునకే ప్రత్యేకింపబడినవి. యంత్రము మేల్కొనగనే డిస్కుపై మొట్టమొదటి 128 బైట్ల ముక్కను చదువును. ఆ ముక్క తక్కిన వ్యవస్థను లోనికి పిలుచును. నేడు విద్యార్థులు పెన్‌డ్రైవుపై వ్యవస్థను వ్రాసికొనునపుడు చేయుచున్నది ఇదియే. వ్యవస్థ పెరిగినది, మార్గము మాఱలేదు.

ఈ విభజనవలన కలిగిన మేలు అపారము. 1981 నాటికి సుమారు 3000 రకముల కంప్యూటర్లపై సి.పి./ఎం. నడచుచుండెనని లెక్కింపబడినది. ఉత్తరములు వ్రాయు వర్డ్‌స్టార్ వంటి ప్రోగ్రాములను ఒక్కమాఱు వ్రాసినచో అవి ఇన్ని యంత్రములపై పనికివచ్చెను. ప్రోగ్రాములు వ్రాయుట ఒక ప్రత్యేక వృత్తిగ వర్ధిల్లుటకు ఇది ముఖ్యకారణము. కిల్డాల్ ఉపాధ్యాయపదవిని విడిచి, పసిఫిక్ గ్రోవ్ యందలి ఒక పాత యింట తన కంపెనీని నడపెను. ధనము వచ్చెను. స్వయముగ విమానము నడుపుట ఆయనకు ప్రియమైన వినోదము.

అటుపిమ్మట 1980లో జరిగిన సంగతివలన ఆయన పేరు వేఱొక విధమున లోకమున వ్యాపించెను. ఐ.బి.ఎం. కంపెనీవారు తమ చిన్న కంప్యూటరునకు వ్యవస్థను కోరి పసిఫిక్ గ్రోవ్‌నకు వచ్చిరి. ఆనాటి ఉదయమున కిల్డాల్ ఒక వర్తకునికి సరకు ముట్టజెప్పుటకై విమానమున పోయియుండెను. వచ్చినవారు మొదట రహస్యపత్రముపై సంతకము చేయవలెనని పట్టుపట్టిరి. డరోతియు, న్యాయవాదియు అందుకు సందేహించిరి. కిల్డాల్ మధ్యాహ్నమునకు వచ్చి చేరెను. పిదప జరిగిన సంభాషణలను గూర్చి ఇరుపక్షములవారి కథనములు ఏకీభవింపవు. బేరము మాత్రము కుదురలేదు. ఐ.బి.ఎం. వారు మైక్రోసాఫ్ట్ కంపెనీని ఆశ్రయించిరి. సియాటిలు కంప్యూటర్ ప్రోడక్ట్సు అను చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ అనునాతడు సి.పి./ఎం. సూచనల పుస్తకమును ముందుంచుకొని, దాని పోలికను ఒక వ్యవస్థను వ్రాసియుండెను. మైక్రోసాఫ్ట్ వారు దానిని కొని, సవరించి ఐ.బి.ఎం. వారికిచ్చిరి. 1981 ఆగస్టు 12వ తేదీన ఆ కంప్యూటరు వెలువడెను.

తన వ్యవస్థను పోలినదే మఱొక పేరుతో వెలువడుట చూచి కిల్డాల్ అభ్యంతరము చెప్పెను. ఐ.బి.ఎం. వారు ఆయన వ్యవస్థను గూడ తమ యంత్రముతో అమ్ముదుమని ఒప్పుకొనిరి. అయితే మైక్రోసాఫ్ట్ వ్యవస్థకు 40 డాలర్లును, కిల్డాల్ వ్యవస్థకు 240 డాలర్లును వెలకట్టిరి. కొనువారు దేనిని కొందురో చెప్పనక్కఱలేదు. ఆ తరువాత ఆయన విమానమునందు విహరించుటచే అదృష్టము చేజార్చుకొనెనను మాట పత్రికలలో పాకి, అదియే ఆయన చరిత్రమన్నట్లు స్థిరపడెను. ఆనాడాయన పోయినది విహారమునకు కాదు, పనిమీదనే. ఆ మాటకన్న ఆయనను బాధించినది వేఱొకటి లేదని ఆయన నెఱిగినవారు చెప్పుదురు. మనము గ్రహింపవలసినది ఒకటి గలదు. ఆ కొత్త యంత్రమందును, దాని వ్యవస్థయందును కిల్డాల్ ఏర్పఱచిన విభజనయే నిలిచెను. బయాసు అను పేరును నిలిచెను. బేరము పోయినను పని పోలేదు.

తరువాతి యేండ్లలో ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఒకే యంత్రముపై పెక్కుపనులు ఒక్కమాఱుగ నడచు వ్యవస్థలను ఆయన కంపెనీ వెలువరించెను. 1988లో డి.ఆర్. డాస్ అను వ్యవస్థను తెచ్చి మైక్రోసాఫ్ట్ వారితో పోటీపడెను. కాంపాక్టు డిస్కుపై పుస్తకములను భద్రపఱచు ప్రయత్నమును ఆరంభించిన వారిలో ఆయన యొకడు. ఆయన నెలకొల్పిన వేఱొక చిన్న కంపెనీ కృషిచే 1985లో గ్రోలియర్ విజ్ఞానసర్వస్వము ఒక డిస్కుపై వెలువడెను. కంప్యూటరు విద్యను సామాన్యులకు బోధించు టెలివిజను కార్యక్రమమున కొన్ని సంవత్సరములు పాల్గొని, కఠినవిషయములను శాంతముగ వివరించెడివాడు. 1991లో తన కంపెనీని నోవెల్ కంపెనీకి అమ్మివేసెను. డరోతితో దాంపత్యము అంతకు పూర్వమే ముగిసెను. చివరి యేండ్లు ఆయనకు సుఖప్రదముగ గడువలేదు. 1994 జులైలో మాంటెరే యందు తలకు తగిలిన దెబ్బచే మూడుదినములు బాధపడి, 11వ తేదీన, 52వ యేట మరణించెను. జన్మభూమియైన సియాటిలులో ఆయనను సమాధిచేసిరి. 2014లో విద్యుచ్ఛాస్త్రజ్ఞుల సంఘమువారు పసిఫిక్ గ్రోవ్ యందు ఆయన పనిచేసిన యింటికడ సి.పి./ఎం. జ్ఞాపకార్థము ఫలకము నుంచిరి. అదే సంవత్సరమున సి.పి./ఎం. తొలిరూపముల మూలగ్రంథమును కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలవారు అందఱును చదువుటకు వీలుగ ప్రకటించిరి.

ఆయన చరిత్రము ఇంతటితో ముగిసినను, ఆయన చూపిన మార్గము మన విద్యార్థులకు నేడు ఎట్లుపయోగించునో కొంత చెప్పుట అవసరము. ఏలయన ఈ రెండుమూడేండ్లలో పాత యంత్రములకు గడ్డుకాలము వచ్చినది. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసెను. తరువాతిదైన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనము లేని యంత్రములను అంగీకరింపదు. స్వేచ్ఛగ లభించు డెబియన్ వ్యవస్థయు 2025 ఆగస్టున వెలువడిన 13వ రూపమున, 32 బిట్ల యంత్రములకు ఎక్కింపుసాధనము నిచ్చుట మానెను. అట్టి యంత్రము గలవారు దాని 12వ రూపమునో, తేలికయైన వేఱొక వ్యవస్థనో వెదకవలసినవారు.

కావున ఎక్కింపుఫైళ్లు సిద్ధముచేయ బూనువారు మొదట యంత్రమును పరీక్షింపవలెను. దాని ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా; జ్ఞాపకస్థల మెంత; అది పాత బయాసు పద్ధతిని మేల్కొనునా, తరువాత వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిని మేల్కొనునా; ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియక ఫైలును తెచ్చుట వృథాశ్రమ. రెండవది, యంత్రమందలి వ్రాతలను, చిత్రములను వేఱొకచోట భద్రపఱచుకొనవలెను. ఎక్కింపులో పాతవన్నియు తుడిచిపోవచ్చును. మూడవది, వ్యవస్థ యొక్క ఐఎస్ఓ ఫైలును దానిని నిర్మించినవారి యొద్దనుండియే తెచ్చుకొనవలెను. వారు ఆ ఫైలుతోపాటు షా 256 అను లెక్కచే వచ్చు 64 అక్షరముల సంకేతమును ప్రకటింతురు. మనము తెచ్చిన ఫైలునకును ఆ లెక్కకట్టి, రెండు సంకేతములను సరిచూచుకొనవలెను. దారిలో ఒక్క బిట్టు మాఱినను సంకేతము పూర్తిగ మాఱిపోవును. ఇది కాగితపుపట్టీలో పూడిన రంధ్రమును ముందుగనే కనిపెట్టుట వంటిది.

నాల్గవది, ఆ ఫైలును పెన్‌డ్రైవులోనికి మామూలు ఫైలువలె ప్రతిచేసినచో యంత్రము మేల్కొనదు. దానిని మొదటి ముక్కనుండి వరుసగ వ్రాయు ప్రత్యేక ప్రోగ్రాముచేతనే వ్రాయవలెను. పాత బయాసు మొదట 512 బైట్ల ముక్కను చదివి, అచ్చటినుండియే తక్కినదానిని పిలుచును గనుక ఆ ముక్క తన చోట నుండి తీరవలెను. కొన్ని మిక్కిలి పాత యంత్రములు పెన్‌డ్రైవునుండి మేల్కొనలేవు. వాటికి కాంపాక్టు డిస్కే శరణ్యము. దానిపై 700 మెగాబైట్లకు మించి పట్టదు గాన చిన్న ఫైలునే యెంచుకొనవలెను. ఐదవది, కొన్ని యంత్రములలో తీగెలేని వలకార్డునకు వలయు ఫైళ్లు వ్యవస్థలో నుండవు. వాటిని ముందుగనే వేఱొక పెన్‌డ్రైవుపై ఉంచుకొననిచో, ఎక్కింపు నడుమ వలసంబంధము లేక నిలిచిపోవలసి వచ్చును. చూడుడు, ఈ జాగ్రత్తలలో పెక్కు యంత్రమునకు, వ్యవస్థకు నడుమ గల ఆ నాకాకు సంబంధించినవే. కిల్డాల్ యంత్రమున కేది చెందినదో, వ్యవస్థ కేది చెందినదో వేఱుపఱచి చూచెను. ఆ విచక్షణయే మనకును కావలెను.

ఈ పని చిన్నదని విద్యార్థులు తలంపరాదు. ఇట్లు నిలబెట్టిన పాత కంప్యూటరొకటి ఒక పేద విద్యార్థి పరిశోధనాగ్రంథమును వ్రాసి ముగించుటకు చాలును. ఒక పాఠశాల గ్రంథాలయపు పట్టికను నడుపుటకు చాలును. చెత్తకుప్పకు పోవలసిన సీసము, ప్లాస్టికు మఱికొన్నేండ్లు మన నేలకు, నీటికి చేరకుండును. మన నగరముననే పనిచేయుచున్న స్వేచ్ఛ యను సంఘము తెలుగుభాషలో పలుకు వ్యవస్థను సిద్ధముచేసెను. అట్టివాటిని పాత యంత్రములపై నెక్కించి చూచుట ఉత్సాహవంతులగు బాలురకు, బాలికలకు మంచి యభ్యాసము.

గ్యారీ కిల్డాల్ జీవితమును బేరపు లెక్కతో కొలిచినచో అపజయముగ కానవచ్చును. అయినను ఆయన ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయుని ధనము శిష్యుల చేతులలో నుండును. తాను చూడని దేశమున, తాను పేరు వినని కూడలియందు, ఎవడో విద్యార్థి పాత యంత్రము మీట నొక్కగా అది మేల్కొని ఆజ్ఞకై యెదురుచూచుచున్నది. అట్లు మేల్కొలుపుటకు మార్గము ఏర్పఱచినవాడు, తనకు ధనము మిగిలినను మిగులకున్నను, కృతార్థుడే యని మా నమ్మకము.